పిన్ని గీసిన బొమ్మ

కొత్తపట్నంలో మా పిన్ని చేపలు అమ్ముతుంది. పొద్దున్నే ఒడ్డుకెళ్లి సరుకు తెచ్చుకుని, గంప నెత్తిన పెట్టుకుని వీధి వీధీ తిరుగుతుంది. మొన్న సెలవులకి వెళ్లినప్పుడు ఓ సర్వే ఫారం తీసి అడిగా: ‘వారానికి ఎంతసేపు వ్యాయామం చేస్తారు?’

పిన్ని పకపకా నవ్వింది. ‘‘మాకెక్కడి వ్యాయామం రా! సున్నా రాసుకో.’’

రాసుకున్నా. రాత్రి నిద్ర పట్టలేదు. పెద్దవాళ్లకి వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు శారీరక శ్రమ కావాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. అందులో పని కోసం నడిచే నడక, మోసే బరువు కూడా లెక్కే. పిన్నికి సున్నా ఏంటి? తప్పు నేనడిగిన ప్రశ్నది.

మర్నాడు చార్టు మీద మనిషి ఆకారం గీసి, రంగు పెన్సిళ్లు ఇచ్చా. ‘‘రోజంతా నీ ఒంట్లో ఎక్కడేం జరుగుతుందో గియ్యి పిన్నీ.’’ మెడ దగ్గర నల్లగా రుద్దింది. మోకాళ్లకి ఎరుపు. అరికాళ్ల నిండా చుక్కలు. ‘‘ముళ్లా?’’ అన్నా. ‘‘కాదురా, ఇసక. ఎండకి కాలిద్ది’’ అంది. అడక్కపోతే ముళ్లనే రాసేసేవాణ్ని!

ఇది పిల్లలాట కాదు. ఆటలు, వ్యాయామాల మీద చేసే అధ్యయనాల్లో దీన్ని కళల ఆధారిత పరిశోధన అంటారు. బొమ్మ, ఫొటో, కవిత, నాటకం... ఏదైనా సరే. 1990ల్లో కరోలిన్ వాంగ్, మేరీ ఆన్ బరిస్ చైనాలోని యునాన్‌లో పల్లెటూరి ఆడవాళ్ల చేతికి కెమెరాలిచ్చి, వాళ్ల బతుకుని వాళ్లనే చూపించమన్నారు. అదే ‘ఫొటోవాయిస్’. 1996లో బ్రిటన్ పరిశోధకుడు ఆండ్రూ స్పార్క్స్, నడుంనొప్పి తన క్రీడా జీవితాన్ని ఎలా ముగించిందో పరిశోధన పత్రికలోనే కథలా రాశాడు.

మన జేబులో కెమెరా ఎప్పుడూ ఉంటుంది కదా! పిన్ని కూతురు చెడుగుడు బాగా ఆడేది. పదో తరగతికొచ్చాక మానేసింది. ఎందుకంటే ‘‘ఇంట్రెస్ట్ లేదన్నయ్యా’’ అనేది. నా ఫోన్ ఇచ్చి, ‘‘ఆట అంటే నీకేం గుర్తొస్తే అది తీసుకురా’’ అన్నా. మూడు ఫొటోలు తెచ్చింది. ఒకటి, మగపిల్లల క్రికెట్‌తో నిండిన ఆటస్థలం. రెండోది, ఇంటికొచ్చే దారిలో వెలగని వీధిలైటు. మూడోదాని గురించి ఎక్కడా రాయొద్దంది. రాయను. ఫొటో తన కథ, అనుమతి కూడా తనదే.

అంకెలు వద్దని కాదు. ఎంతమంది ఆట మానేశారో తేలాలంటే లెక్కే కావాలి. ఎందుకు మానేశారో తెలియాలంటే మాత్రం ఇలా కూర్చోవాలి.

ఫారంలో సున్నా అలాగే ఉంది, పిన్ని చెప్పిన జవాబు కదా. దాని వెనక ఆ బొమ్మ జత చేశా. మరి మీ అమ్మకి ఓ కాగితం, రెండు రంగు పెన్సిళ్లు ఇచ్చి చూస్తారా?