బాలల చెవికి బడి యేది?

ఏటేటా ఉగాదికి మన సంఘమువారు బాలబాలికలకు పాటల పోటీ పెట్టుచున్నారు. గాంధీనగరమునందును, చుట్టుపట్ల పేటలయందును కాపురమున్న తెలుగు కుటుంబములవారు పిల్లలకు పట్టుబట్టలు కట్టి తోడ్కొని వచ్చెదరు. పిల్ల వేదిక యెక్కును, మూడు నిమిషములు పాడును, నమస్కరించి దిగును. దిగిన పిల్ల తన తరువాతి పిల్ల పాట వినునా? వినదు. తల్లి ప్రక్కకు పోయి తనకెన్ని మార్కులు వచ్చునని అడుగును. ఆ తల్లియు వినుట లేదు. బిడ్డ పాడిన వీడియోను బంధువులకు పంపు తొందరలో నుండును. నలుబదిమంది పాడిన సభలో విన్నవారు న్యాయనిర్ణేతలు ముగ్గురే. వారును విన్నది తప్పులను.

దీనిని మనము సంగీతశిక్షణ మనుకొనుచున్నాము. ఇది శిక్షణ కాదనియు, పాడుట నేర్పుటకు ముందు వినుట నేర్పవలెననియు, వినుట నేర్పుటకు బొమ్మలు గీయించుటకంటె సులువైన సాధనము లేదనియు మా వాదము. ఈ మాట చెప్పిన నవ్వినవారు మన సంఘములోనే కలరు. ఈ వ్యాసము వారికే.

అయిదేండ్లు పాట నేర్చిన పిల్లను "పదమునకును జావళికిని భేదమేమి?" అని అడిగి చూడుడు. పుస్తకములోని లక్షణమును గడగడ అప్పగించును. పిమ్మట ఒక పదమును, ఒక జావళిని వినిపించి "ఇందేది పదము?" అని అడుగుడు. బిక్కమొగము వేయును. పదము నెమ్మదిగ నడచుననియు, జావళి చురుకుగ నడచుననియు వ్రాసి మార్కులు తెచ్చుకొన్నది గాని, ఆ నడక చెవికి తెలియదు. మేము ముప్పదియేండ్లు గుమాస్తాపని చేసినవారము. దస్త్రముపై చీటీ అంటించుట ఎంత సులభమో, లోపలి కాగితము చదువుట ఎంత కష్టమో ఎరుగుదుము. కీర్తన, కృతి, పదము, జావళి, తిల్లానా అని పిల్లలచేత చీటీలు వల్లె వేయించుచున్నాము. కాగితము చూపుట లేదు.

ఇది ఇతర ఊళ్లలో చిన్న లోపము కావచ్చును. బళ్లారిలో కాదు. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము ఏర్పడిన నాడే బళ్లారి మైసూరు రాష్ట్రమున చేరినది. ఆదోని, ఆలూరు, రాయదుర్గము ఆంధ్రమునకు పోయినవి. ఆ తగవు ముగిసి ఏడు దశాబ్దములు దాటినది. దానిని త్రవ్వవలెనని మాకు లేదు. కన్నడము మనకు అన్నము పెట్టిన భాష. మన పిల్లలు దానిని చక్కగ చదువుటయే న్యాయము. అయితే మన మనుమలలో తెలుగు అక్షరములు కూడబలుకుకొని యైనను చదువగలవారెందరు? ఈ సంచిక ఇంటికి వచ్చిన నాడు దీనిని తెరచువారు అరువదేండ్లు దాటిన మనమే. కంటి దారిన తెలుగు పోవుట ఆగిపోయినది. చెవి దారి యింకను మూతపడలేదు. అమ్మమ్మ మాట, జోలపాట, సినిమా పాట ఆ దారినే లోనికి పోవుచున్నవి.

త్యాగరాజస్వామి (1767-1847) తెలుగుదేశమునకు దూరముగ కావేరి యొడ్డున స్థిరపడిన తెలుగు కుటుంబమువారే కదా. ఆయన కృతులను తెలుగు అక్షరము రాని తమిళులు తరతరములుగ విని, తమ లిపిలో వ్రాసికొని, నిలిపిరి. చెవికున్న సత్తువ అట్టిది. మనమో, తెరచియున్న ఆ ఒక్క దారికి అడ్డముగ న్యాయనిర్ణేతల బల్ల వేసితిమి.

వినుటకు ఇక్కడ ఏమున్నదందురా? ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు (1853-1912) ఈ ఊరనే సరసవినోదినీ సభను నడపి, తెలుగు నాటకమున పాటకు పెద్దపీట వేసిరి. వారి మేనల్లుడు బళ్లారి రాఘవ (1880-1946) రంగస్థలముపై రాగములు సాగదీయుట నటనకు చెరుపని యెంచి, మాటకును ముఖమునకును ప్రాధాన్యమిచ్చిరి. మేనమామ పాటను పెంచిరి, మేనల్లుడు తగ్గించిరి! ఒక్క కుటుంబములోనే రెండు మార్గములు. రంగస్థల పద్యమొకటి రాగముతో వినిపింపుడు. అదే పద్యమును రాగము లేక మాటవలె చదివి వినిపింపుడు. సంగీత నాటకమనగా నేమో ఏ నిర్వచనమును లేకయే పిల్లలకు బోధపడును.

ఇక బుర్రకథ. సండూరు తాలూకా దరోజి ఈరమ్మగారు 2014లో కన్నుమూసిరి. బుడగజంగముల యింటి ఆడబిడ్డ, చదువుకొన్నవారు కారు, రాత్రుల తరబడి సాగు కథలను కంఠమున నిలుపుకొని కన్నడమున పాడిరి. హంపి కన్నడ విశ్వవిద్యాలయము నాడోజ బిరుదమిచ్చి గౌరవించినది. బుడగజంగములు ఇంటిలో తెలుగువారు, వేదికపై కన్నడమువారు. మన పిల్లల బ్రతుకును అంతియే కదా! గుంటూరు సీమ షేక్ నాజరు (1920-1997) తెలుగు కథను, ఈరమ్మగారి కన్నడ కథను ఒకదాని వెంట ఒకటి వినిపించినచో, భాష మారినను ఏది మారలేదో పిల్లవాడే చెప్పును. కాని మన పోటీ నియమములలో బుర్రకథకు చోటు లేదు. శాస్త్రీయము, లలితము, భక్తి అని మూడే గళ్లు. జానపదమును ‘వినోద కార్యక్రమము’ అను పేర భోజనముల వేళకు త్రోసిరి. పప్పు వడ్డించు గరిటెల చప్పుడులో ఎవరు విందురు?

మన ఊరు రెండు సంగీతముల పొలిమేరయు. వాయవ్యమున గదగు, హుబ్బళ్లి, ధారవాడలు హిందూస్థానీకి నెలవులు. మల్లికార్జున మన్సూర్, గంగూబాయి హానగల్, భీమసేన్ జోషి ఆ సీమవారే. దక్షిణమున మైసూరు సంప్రదాయము. అనంతపురము సీమలోని రాళ్లపల్లిలో పుట్టిన అనంతకృష్ణశర్మగారు (1893-1979) మైసూరు మహారాజా కళాశాలలో తెలుగు బోధించిరి. అన్నమయ్య సంకీర్తనములకు స్వరములు కూర్చిరి. తిరుమల రాగిరేకులపై రాగముల పేర్లున్నవి గాని స్వరములు లేవు. పేరు మాత్రము మిగిలిన చోట, చెవి పండినవాడు పాటను మరల కట్టవలసి వచ్చినది. మేము చీటీ యనియు కాగితమనియు చెప్పినది దీనినే.

బొమ్మల సంగతికి వత్తము. మా యింటి వసారాలో వీధి పిల్లలను పదిమందిని కూర్చుండబెట్టి ఆదివారములు మేము చేయుచున్న పని యిది. ఒక్క పాటను, నాలుగైదు నిమిషములకు మించనిదానిని, మూడుమార్లు వినిపింతుము. మొదటిమారు కన్నులు మూసికొని వినవలెను. రెండవమారు గాలిలో వ్రేలితో గీత గీయవలెను. మూడవమారు కాగితముపై రంగు పెన్సిళ్లతో. పాట పేరు, పాడినవారి పేరు, ప్రక్రియ పేరు అన్నియు అయిన పిదపనే చెప్పుదుము. నాదస్వరపు ఆలాపనకు పిల్లలు పెన్సిలు ఎత్తకుండ ఈ చివరనుండి ఆ చివరకు ఒకే గీత లాగుదురు. మృదంగపు తనియావర్తనమునకు చుక్కలు పెట్టుదురు. పోను పోను చుక్కలు దగ్గరపడును. బుర్రకథకు ఒక బాలుడు రైలుబండి గీసి, వంతలు అందుకొన్న చోటనెల్ల ఒక స్టేషను పెట్టెను. మరల పాట పెట్టి లెక్కించితిమి. స్టేషన్ల లెక్క సరిపోయినది! వాడు ఏ సంగీతపు బడికిని పోయినవాడు కాడు. ఒక బాలిక జావళికి మెట్లు వేసి, పదమునకు చెరువు వేసినది. ఎందుకమ్మా అని అడుగగా, "అది గబగబా దిగుతుంది తాతా, ఇది నిలబడే కదులుతుంది" అన్నది. విలంబకాలమును ఇంతకంటె చక్కగ నిర్వచించిన పుస్తకము మేము చూడలేదు.

"ఇది దొరల పద్ధతి" యని ఒక సభ్యులు ఆక్షేపించిరి. దొరలలో ఉన్నమాట నిజమే. రష్యా దేశపు ముసోర్గ్‌స్కీ, తన చనిపోయిన మిత్రుడు హార్ట్‌మన్ చిత్రముల ప్రదర్శనము చూచి, 1874లో ఆ బొమ్మలను పియానో వాద్యమునకు సంగీతముగ కట్టెను. అయితే భరతముని అంతకు ఎన్నో శతాబ్దముల పూర్వమే రసమునకొక రంగు చెప్పెను: శృంగారము శ్యామము, హాస్యము తెలుపు, కరుణము పావురపు వన్నె, రౌద్రము ఎరుపు, అద్భుతము పసుపు. రాజస్థానమందును, హిమాలయపు కొండ సంస్థానములందును, మన దక్కను సుల్తానుల కొలువులందును చిత్రకారులు రాగములకు రూపము కట్టి రాగమాలలు వ్రాసిరి. దొరలకు మనము ఋణపడినది ఇందేమియు లేదు.

అయితే ఇది విన్న వెంటనే ఈ రాగమునకీ రంగు, ఈ రాగమునకీ బొమ్మ యని పట్టిక గీచి వల్లె వేయించు ఉపాధ్యాయులు బయలుదేరుదురు. వారిని ముందే వలదనుచున్నాము. రాగమాలలలో తోడి రాగిణి వీణ పట్టిన వనిత; ఆమె పాటకు లేళ్లు చేరవచ్చి నిలుచును. చూడముచ్చటయే. కాని అది ఉత్తరాది తోడి. నేటి హిందూస్థానీ తోడి స్వరములు మన శుభపంతువరాళికి సరిపోవును. మన తోడి స్వరములు అక్కడ భైరవి యను పేర వినబడును. పేరు చూచి బొమ్మ అంటించితిమా, పిల్లవాని చెవికి అబద్ధము నేర్పినవారమగుదుము. బొమ్మ వాని చెవినుండియే రావలెను.

వాద్యములను కంటికి చూపుటకు మనకు రాతి పుస్తకములే కలవు. లేపాక్షి వీరభద్రాలయము 16వ శతాబ్దమున అచ్యుతదేవరాయల కాలమునాటిది. అచ్చటి నాట్యమండపపు స్తంభములపై బ్రహ్మ మద్దెలయు, తుంబురుడు వీణయు, నంది హుడుక్కయు వాయించుచుండ రంభ ఆడుచున్నది. మూడుకాళ్ల భృంగి నాట్యము చెప్పుచున్నాడు. హంపి మనకు అరువది కిలోమీటర్ల దూరమే. హజారరామాలయపు ప్రాకారముపై ఏనుగులు, గుఱ్ఱములు, భటులు, ఆటకత్తెలు, వాద్యగాండ్రు వరుసలు కట్టి నడచుచున్నారు. మనవారు పిల్లలను విఠ్ఠలాలయపు రాతిరథము ముందు నిలిపి, ఫోటో తీసికొని, హోటలుకు పోవుదురు. అక్కడి స్తంభములు మీటిన పలుకుననియు, చెడిపోవునను భయమున నేడు మీటనీయరనియు అయినను చెప్పరాదా? ఆ చెంతనే తుంగభద్ర యొడ్డున పురందరదాసుల మండపము. మన పిల్లలు మాయామాళవగౌళలో దినదినము పాడు సరళీవరుసలను ఏర్పరచినవారు ఆయనయే యని సంప్రదాయము. ఆ మండపములో ఒక్కమారు సరళీవరుస పాడించినవారు మనలో ఎవరైనను కలరా?

సంగీతోపాధ్యాయుల ఆక్షేపణ ఒక్కటి బరువైనది. చిన్ననాటనే గొంతు పదును పెట్టనిచో పిదప రాదు, బొమ్మలతో కాలము వ్యర్థమగునని వారందురు. గొంతు సాధన మానుమని మేమనలేదు. తెల్లవారుజాము వారిదే. వారమునకు ఒక గంట అడుగుచున్నాము. పదిమంది పిల్లలలో గాయకులగువారు ఒక్కరో ఇద్దరో. మిగిలిన ఎనమండుగురు శ్రోతలు కావలసినవారు. వారిని పోటీలో ఓడించి, మొగము చిన్నబుచ్చి ఇంటికి పంపుచున్నాము. వారు మరల సభకు రారు. త్యాగరాజ ఆరాధనమున కుర్చీలు ఖాళీగ ఉన్నవని వగచు పెద్దలు, వానిని ఖాళీ చేసినది తమ పోటీయే యని ఎరుగరు.

సినిమా పాటను గడప దాటనీయమను పెద్దలతో వాదించుటకు మాకు ఓపిక లేదు. పిల్లలకు తెలిసిన పాటనుండి తెలియని పాటకు పోవుట సులభము. ఆ మెట్టు విరుగగొట్టువారు పిల్లలను ఎత్తుకొని యెక్కింతురా?

సంఘమువారిని మేమడుగునది చిన్నది. వచ్చు ఉగాదికి ఒక్క యేడు పోటీ నిలుపుడు. బహుమతుల వెండిగిన్నెలకగు సొమ్ములో కొంత కాగితములకును, రంగు పెన్సిళ్లకును, ఒక మంచి స్పీకరుకును చాలును. పాటలు కొనవలసిన పని లేదు. ఫోనులో లెక్కలేనన్ని పడియున్నవి. ఏరి వినిపించువారే లేరు. ఏరుట పనిలేక అరుగులపై కూర్చున్న మావంటి వృద్ధులకు అప్పగింపుడు. పిల్లల బొమ్మలను మండపపు గోడలకు అంటింపుడు. బొమ్మ క్రింద బాలుని పేరు వ్రాయవలదు. వ్రాసినచో తల్లులు మరల మార్కులడుగుదురు. పాట పేరును మాత్రము తెలుగు అక్షరములలో పెద్దదిగ వ్రాయుడు. తన బొమ్మ క్రింద ఏమి వ్రాసిరో తెలిసికొనుటకైనను పిల్లవాడు కూడబలుకుకొనును. సంఘమువారికి గది దొరకదందురేని మా వసారా యున్నది. చాపలు మేమే వేయుదుము.