కుర్చీ వదిలిన ముఖ్యమంత్రి

శాంతి ఒప్పందంపై సంతకం పెట్టడం ఒక ఎత్తు, దానికోసం సొంత కుర్చీ ఖాళీ చేయడం మరో ఎత్తు. 1966 మార్చిలో మిజో తిరుగుబాటును అణచడానికి మన వాయుసేన విమానాలే మన ఐజ్వాల్ పట్టణం మీద బాంబులు వేశాయి. ఆ తర్వాత ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేయించి, జనాన్ని రోడ్ల పక్కన సైన్యం కాపలాలోకి తరలించారు. ఇరవై ఏళ్లు నలిగిన ఆ మిజోరంలో 1986 జూన్ 30న ఒప్పందం కుదిరింది. కాంగ్రెస్ ముఖ్యమంత్రి లాల్ థన్‌హావ్లా పదవి వదులుకొని, నిన్నటిదాకా తిరుగుబాటు నడిపిన లాల్‌డెంగాకు ఆ కుర్చీ ఇచ్చి, తాను ఆయన కింద ఉప ముఖ్యమంత్రిగా పనిచేశారు. ఎన్నికల్లో గెలిచిన మనిషికి అదెంత కష్టమో ఆలోచించండి! 1988లో ఫిరాయింపులతో లాల్‌డెంగా ప్రభుత్వం కూలింది. అయినా ఆయన మళ్లీ అడవి దారి పట్టలేదు, ఎన్నికల బరిలోకే దిగారు. నా దృష్టిలో మిజోరంను నిలబెట్టినవి ఈ రెండు నిర్ణయాలే. పక్కనే మణిపూర్ 2023 మే 3 నుంచి జాతుల ఘర్షణలతో రగులుతుంటే, ముఖ్యమంత్రి బీరేన్ సింగ్ రాజీనామా చేసింది 2025 ఫిబ్రవరిలో. ఈలోగా అక్కడి రెండు వర్గాలు, మెయితీలూ కుకీలూ, ఒకరి ప్రాంతంలో ఒకరు అడుగుపెట్టలేని స్థితి వచ్చింది, వేల కుటుంబాలు శిబిరాల పాలయ్యాయి. నాయకులారా, ఓట్ల కోసం తొక్కిన గడపలే మళ్లీ తొక్కండి. ఈసారి అవతలి వర్గం వాళ్ల గడప ముందు తొక్కండి.