చౌకబేరము – మరచిన విద్య

గత దీపావళికి ముందు మా పాఠశాలలో ఒక సభ జరిగినది. చైనా దీపములు, చైనా బొమ్మలు కొనబోమని పిల్లలచేత ప్రమాణము చేయించుటకు పట్టణమునుండి ఒక వక్త దయచేసిరి. ఆయన గంభీరముగా మాటలాడిరి. పిల్లలు కరతాళధ్వనులు చేసిరి. ఉపాధ్యాయులము మేమును సంతకములు పెట్టవలెనని ఒక కాగితము మా ముందుంచిరి. పాపము, వక్తగారికి గొంతునొప్పి. ఉపన్యాసము ముగియగానే జేబులోనుండి అమాక్సిసిలిన్ మాత్ర యొకటి తీసి మంచినీళ్లతో మ్రింగిరి. మాత్ర మనదేశమున తయారైనదే. కాని దాని మూలద్రవ్యము చైనానుండి వచ్చియుండుటకే అవకాశము మెండు. దీపము మానుటకు ప్రమాణము చేయవచ్చును. జ్వరపీడితుడగు బిడ్డకు మందు మానుమని ఏ తల్లిచేత ప్రమాణము చేయింపగలము?

2024-25 సంవత్సరమున మనము చైనానుండి కొన్న సరకు విలువ 11,300 కోట్ల డాలర్లకు పైబడినది. వారికి మనమమ్మినది సుమారు 1,425 కోట్లు మాత్రమే. ఆ పెద్ద మొత్తములో దీపములు, బొమ్మలు లెక్కకు రానంత స్వల్పము. యంత్రములు, ఎలక్ట్రానిక్ పరికరముల విడిభాగములు, రసాయనములు, ఔషధముల మూలద్రవ్యములు – ఇవియే దాని బరువు. చేతిలోని ఫోనును వదలక, గుమ్మమునందలి దీపపుమాలను మాత్రము వదలుట అర్ధకుక్కుటీ న్యాయము: కోడిలో సగము కూరకు, సగము గ్రుడ్లకు!

అయినను ఈ దేశభక్తులకంటె నాకు ఎక్కువ భయము కలిగించువారు వేరొకరు గలరు. వారు చదువుకొన్నవారు. "ఎక్కడ చౌకగా దొరకిన అక్కడ కొనుడు, మిగిలిన ధనముతో మీకు చేతనైన పని చేసికొనుడు" అని వారి సూత్రము. వినుటకు సొంపుగానే యున్నది. పెనిసిలిన్ కథ తెలిసినవారికి మాత్రము ఈ సూత్రమునందలి లోపము కానవచ్చును.

స్వాతంత్ర్యము వచ్చిన కొలది కాలమునకే, 1954లో, పుణె దగ్గరి పింప్రీలో హిందూస్థాన్ యాంటీబయాటిక్స్ అను ప్రభుత్వ సంస్థ స్థాపింపబడెను. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ దానికి తోడ్పడినవి. 1961లో ఐడీపీఎల్ ఏర్పడి, సోవియట్ సాయముతో ఋషీకేశమున, హైదరాబాదున కర్మాగారములు నెలకొల్పెను. ఆ హైదరాబాదు కర్మాగారమున పనిచేసిన కల్లం అంజిరెడ్డిగారే తరువాత 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించిరి. (భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో పరిశోధనకు నాయకత్వము వహించిన సంస్థనుండియే 1948లో ఆరియోమైసిన్ వెలువడినది. ఈ విద్య మనకు పరాయిదని ఎవరనగలరు?) పెనిసిలిన్ చేయుట మనము నేర్చితిమి, చేసితిమి, పిమ్మట మరచితిమి.

మరచుట యెట్లు జరిగినది? పెనిసిలిన్ బూజునుండి తీయబడును. పెద్ద ఉక్కుతొట్లలో చక్కెర కలసిన ద్రవమున ఆ బూజును పెంచవలెను. గాలి చాలినంత అందవలెను, వేడిమి హెచ్చరాదు, పరాయి సూక్ష్మజీవి ప్రవేశించెనా, తొట్టి యంతయు పారబోయవలసినదే. ఏటేట మేలైన బూజును ఏరుకొనుచు, ఏటేట దిగుబడి పెంచుకొనుచు పోయినవాడే నిలుచును. ఇది పుస్తకముననుండు విద్య కాదు, చేతులలోనుండు విద్య. 1991 తరువాత దిగుమతి సుంకములు తగ్గినవి. చైనావారు మహత్తరమైన కర్మాగారములు కట్టి, తమ ప్రభుత్వముల అండతో, మనవారు చేయగల ధరకంటె తక్కువకు అమ్మసాగిరి. మన తొట్లు ఒకటొకటిగా ఆరిపోయినవి. ఐడీపీఎల్ 1992లోనే ఖాయిలాపడిన సంస్థగా ప్రకటింపబడెను. దానికి స్వయంకృతాపరాధములును లేకపోలేదు. తొట్టి తుక్కుగా అమ్ముడుపోయిన నాడు దాని కడ నిలిచిన పనివాని నేర్పు ఎక్కడికి పోవును? ఆయన పింఛను పుచ్చుకొని యింటికి పోవును. శిష్యుడు లేడు. మా వృత్తిలోనివారికి ఇది చెప్పనక్కరలేని దుఃఖము.

దిగుమతి యంతయు విషమని నేననను. అట్లనుట అసత్యము. చౌకైన మూలద్రవ్యములు దొరకినందువలననే మన మందుల పరిశ్రమ ప్రపంచమునకంతటికి మాత్రలు అమ్మగలిగినది. మనయింట పేదవానికిని ఆ మాత్ర అందినది. వియత్నాము చైనానుండి విడిభాగములు కొని, వస్తువులు కూర్చి, అమెరికాకు అమ్మి వృద్ధిచెందుచున్నది. కొన్న సరకు మనచేత మరియొక పని చేయించునా, లేక చేతనున్న పనిని మాన్పించునా అన్నదే ప్రశ్న. మందుల విషయమున రెండును ఒక్కసారి జరిగినవి: కొమ్మలు విస్తరించినవి, వేరు ఎండినది. విలువనుబట్టి చూచినచో నేడు మన మూలద్రవ్యముల దిగుమతిలో మూడింట రెండువంతులకు పైగా ఒక్క దేశమునుండియే వచ్చుచున్నది.

2020 ఆరంభమున కరోనా కారణముగా చైనాలో కర్మాగారములు మూతపడినవి. మార్చి 3వ తేదీన మన ప్రభుత్వము పారాసిటమాల్ మొదలగు 26 మూలద్రవ్యముల, మందుల ఎగుమతిని అరికట్టవలసివచ్చినది. ప్రపంచపు మందులకొట్టు తన తలుపు తానే మూసికొన్నది! ఆ యేడే 6,940 కోట్ల రూపాయలతో ప్రోత్సాహక పథకము వెలసినది. 2024లో కాకినాడ ప్రాంతమున పెనిసిలిన్ మరల పుట్టినది. సంతోషము. కాని అవతలివారు ధర తగ్గించిననాడు మన మందుల కంపెనీలే ఈ క్రొత్త తొట్టిని విడిచి అటు పరుగెత్తవా? పోవు పోవు అని పలుకు ధైర్యము నాకు లేదు.

కనుక రక్షణసుంకమో, మరియొక ఆసరాయో కావలెను. ఇక్కడ ఎదుటివారు ఒక మాట అందురు. అది నిజమైన మాట. రక్షణగోడ చాటున సోమరితనము పెరుగును. అంబాసిడర్ కారును దశాబ్దములు నడిపినవారికి ఆ సంగతి బాగుగా తెలియును. కావుననే గడువులేని రక్షణ నేను కోరను. ఇన్ని యేండ్లని ముందే చెప్పవలెను, ఏటేట తగ్గింపవలెను, దిగుబడి పెంచనివానికి ఆపివేయవలెను. ధరలో హెచ్చిన పైసలు రోగి మీద పడరాదు. ప్రభుత్వ ఆసుపత్రులు దీర్ఘకాలపు ఒడంబడికతో కొని ఆ భారము తాము మోయవలెను. పటాన్‌చెరు చెరువులను, బావులను పాడుచేసి చౌకగా చేయు పద్ధతి కూడ మరల వలదు. ఆ ఖరీదును ఇదివరకే రైతులు చెల్లించియున్నారు.

నేను వక్తగారి కాగితముపై సంతకము చేయలేదు. మరునాడు తొమ్మిదవ తరగతి బాలుడొకడు బూజుపట్టిన రొట్టెముక్క కాగితమున చుట్టి తెచ్చి, ఇందులో మందున్నదా యని అడిగెను. చూపుదమని ప్రయోగశాలకు తీసికొనిపోతిని. మా పాఠశాలలో సూక్ష్మదర్శిని ఒక్కటియే. దాని కటకము పగిలి రెండేండ్లాయెను.