పుట్టి మునగకుండా

మన ఇళ్ళలో పాలు పొంగిపోయినా, పిల్లవాడికి లెక్కల్లో మార్కులు తగ్గినా, "ఇప్పుడేం పుట్టి మునిగిందని?" అంటూ వుంటాం. ఆ మాట వాడేవారిలో పుట్టి ఎక్కినవారు కొద్దిమందే. మా నడిగడ్డవాళ్ళం మాత్రం కృష్ణకూ తుంగభద్రకూ మధ్య పుట్టి పెరిగాం గనక, ఆ మాట అనేముందు ఏటివైపు ఒకసారి చూస్తాం.

పుట్టి అంటే వెదురుబద్దలతో అల్లిన పెద్ద గంప. పూర్వం దాని అడుగుకు తోలు కప్పేవారు. తరువాత తారు పూసిన గుడ్డలూ, ప్లాస్టిక్ పట్టాలూ వచ్చాయి. దానికి ముందూ లేదు, వెనుకా లేదు. 1520 ప్రాంతంలో విజయనగరం చూడవచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, ఈ తోలుగంపలు పదిహేను ఇరవై మందిని మోస్తాయనీ, తిన్నగా పోలేక గిరగిర తిరుగుతాయనీ రాసుకున్నాడు. అయిదు వందల ఏళ్ళయినా ఆ తిరుగుడు మారలేదు.

అమెరికాలో వున్న మా మేనల్లుడు ఈమధ్య ఒక పాత తెరచాప పడవ కొన్నాడు. పేరు జే-24, పొడవు 24 అడుగులు. రాడ్ జాన్‌స్టన్ అనే ఆయన తన గ్యారేజీలో స్వయంగా కట్టుకున్న పడవ దీనికి మూలమట. 1977 నుంచి అచ్చుల్లో పోసి అమ్మితే అయిదు వేలకు పైగా తయారైనాయి. రేవులో అద్దె, చాపల మరమ్మతు, అడుగుకు రంగు — "ఏనుగును కొనడం తేలికే మామయ్యా, మేపడమే కష్టం!" అన్నాడు ఫోనులో.

మా ఆవిడకు కావలసింది ఒక్కటే. "అది బోల్తా పడదు గదరా?"

అంత సులువుగా పడదట. దాని పొట్టకింద కీల్ అనే బరువైన రెక్క వుంటుంది. పడవంతా కలిపి 1,400 కిలోలయితే, అందులో 400 కిలోలకు పైగా అడుగు బరువే. గాలి పడవను పక్కకు వంచితే, తంజావూరు బొమ్మను లేపినట్టు ఆ బరువే మళ్ళీ నిలబెడుతుంది. పడవ పక్కకు జారకుండా నీటిని పట్టుకునేదీ ఆ రెక్కే. అందుకే ఎదురుగాలిలో కూడా అటొకసారి, ఇటొకసారి ఏటవాలుగా ముందుకు సాగవచ్చు. హుస్సేన్‌సాగర్ పోటీల్లో కనిపించే లేజర్ పడవకు ఆ అడుగు బరువు లేదు. నడిపేవాడే పక్కకు వాలి తన ఒంటిని బరువుగా వాడుకోవాలి.

"అయితే మన బీచుపల్లి రేవులో అలాంటిదొకటి దింపకూడదూ?" అంది ఆవిడ. ఆ కీల్‌కు నాలుగడుగుల నీరు కావాలి. వేసవిలో మన కృష్ణలో నీటికన్నా బండలే ఎక్కువ. పుట్టికి జానెడు నీరు చాలు. పని అయ్యాక వీపున వేసుకుని ఇంటికి పోవచ్చు. ఈ ఏటికి అదే తగిన పడవ. కాని దానికి కీల్ లేదు.

ఒకసారి రేవులో ఒక పుట్టివాణ్ణి ఈ సంగతే అడిగాను. "దీని బరువంత ఎక్కినోళ్ళే సారూ! కూసొని కదలకుంటే బంగారం. ఇంగొకరికి జాగ లేదా అని కొట్లాడతరు. జాగ ఉంటది, పుట్టికి ఓపిక ఉండదు" అన్నాడు.

అతని మాట తేలిగ్గా తీసుకోదగింది కాదు. 2007 జనవరిలో సింగోటం జాతర నుంచి తిరిగి వస్తున్నవారి పడవ మంచాలకట్ట దగ్గర మునిగి అరవై మంది దాకా పోయారు. 2020 ఆగస్టులో మక్తల్ వైపు నుంచి కృష్ణ దాటుతున్న పుట్టి తిరగబడి నలుగురు గల్లంతయ్యారు. వాళ్ళంతా పండక్కో, సరుకులకో ఇల్లు కదిలిన మనబోటి సంసారులే.

కనుక పాఠక మహాశయులకు నా మనవి. కురువపురం దర్శనానికో, సోమశిల చూడడానికో వెళ్ళినప్పుడు ఎక్కేముందు తలలు లెక్కపెట్టండి. ఈత చొక్కా అడిగి తొడుక్కోండి. పిల్లలకు ముందు తొడగండి. నడి ఏట్లో ఫొటో కోసం లేచి నిలబడకండి. పడవవాడు "చాలు, ఇక ఎక్కవద్దు" అంటే, "మా బావమరిది ఒక్కడేనయ్యా" అని బతిమాలకండి. బావమరిది తరువాతి ట్రిప్పులో వస్తాడు. పావుగంట ఆలస్యమయితే ఏం పుట్టి మునిగిందని?