ఇల్లు అద్దెకిచ్చే ముందు
పేరు విని ఇల్లు లేదనే వీధులను ఎన్నో చూశాం. అందుకే మనవాడు వచ్చి అడిగితే కాగితం మాట ఎత్తడానికే మొహమాటపడతాం. మేమూ అలాగే ఒక దూరపు బంధువుకు నోటిమాట మీద ఇల్లప్పగించాం. తొమ్మిదేళ్ల తరువాత, అడ్వాన్సు ఎంత ఇచ్చారన్నదే తగవైంది. రసీదు ఇరువురి వద్దా లేదు. బంధుత్వమూ పోయింది.

కొందరు 11 నెలల పత్రం రాయించి, గడువు తీరాక మరచిపోతారు. అంతకంటే పెద్ద పొరపాటు, మూడేళ్లకో అయిదేళ్లకో స్టాంపు కాగితం మీద రాసుకొని రిజిస్టరు చేయించకపోవడం. ఏడాదికి మించిన గడువుకు 1908 నాటి చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అది లేనిదే అందులోని గడువు, అద్దె పెంపు షరతులను కోర్టు సాక్ష్యంగా స్వీకరించదు.

అప్పును రాసుకొమ్మని అల్ బఖరా 282వ ఆయత్ ఆదేశిస్తున్నది. అద్దెకు మాత్రం సంకోచమేల? ఈసారి మేము సొంత మేనల్లుడి చేతనే సంతకం పెట్టించి, అడ్వాన్సుకు రసీదు ఇచ్చాం.