బాబుగారు లేరా?

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నవారెవరో గానీ, పాతికేళ్ళ శ్లాబుకి మరమ్మతు చేయించి చూసి ఉండరు. చూసి ఉంటే ఆ సామెతకి మూడో ముక్క కూడా చేరేది.

మాది సబ్బవరం. గేటు తీసుకుని వచ్చిన కాంట్రాక్టరు ఎవరైనా సరే, మొదటి ప్రశ్న ఒక్కటే: "బాబుగోరు లేరాండీ?" ఉన్నారు. ఉంటే మాత్రం, పొద్దున్నే డ్యూటీకి వెళ్ళి చీకటిపడ్డాక వచ్చే మనిషికి ఇంటికప్పు సంగతి ఏం తెలుసు? ఏ మూల నెమ్మెక్కిందో, ఎంత వానకి ఏ గదిలో బకెట్టు పెట్టాలో, బియ్యండబ్బా ఎన్నిసార్లు జరిపామో తెలిసింది నాకు. వంటింటి కప్పు మీద మరక నాలుగేళ్ళ కిందట జామకాయంత, ఇప్పుడు చాటంత. ఈ చరిత్రంతా నా దగ్గరుంటే, బేరం మాత్రం వరండాలో ఇద్దరు మగవాళ్ళు కుర్చీలేసుకుని తేల్చేస్తారు. నా వంతు కాఫీ.

కిందటేడు అలాగే తేల్చారు. వచ్చినాయన మేడమెట్లు ఎక్కనేలేదు. గది మధ్య నిలబడి తలెత్తి, "ఏటీ కాదు బాబూ, సిన్న సెమ్మ. పెచ్చులు రాల్చేసి పూతేసేత్తే పెళ్ళికూతుర్లాగుంటాది" అన్నాడు. సగం డబ్బు ముందే పుచ్చుకున్నాడు. కాగితం లేదు, లెక్క లేదు. పెళ్ళికూతురు దసరా దాకా బాగానే ఉంది. తర్వాత ఒక మధ్యాహ్నం విస్తరంత పెచ్చు ఊడి మంచం మీద పడింది. మా మనవడు అప్పుడే నిద్రలేచి, పాలకోసం నా కొంగు పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు. చప్పుడికి పరుగెత్తి చూద్దును కదా, దిండు మీద వాడి తల పెట్టిన గుంట అలాగే ఉంది, దానినిండా సిమెంటు ముక్కలు.

అందుకే నాకీ కోపం.

శ్లాబుకి జబ్బు పైన, మచ్చ కింద. పైన నిలిచిన నీళ్ళు సన్నని పగుళ్ళలోంచి దిగి లోపలి ఇనుప ఊచని తాకుతాయి. తుప్పుకి ఇనుముకంటే రెండింతలకి పైగా చోటు కావాలి. ఆ ఉబ్బు తోసే తోపుకి కాంక్రీటు పెచ్చులుగా ఊడుతుంది. సముద్రపు గాలి తగిలేచోట ఉప్పు కూడా తోడై ఈ పని మరింత చురుగ్గా సాగుతుంది. దానికి కింద పూత పూయడమంటే జ్వరమొచ్చినవాడికి మొహాన పౌడరు రాయడమే.

ఇంకొకాయన వచ్చి, "మేడమీద రేకులేసేద్దారండి, ఇంక సూడక్కర్నేదు" అన్నాడు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ మీద విరుచుకుపడినప్పుడు, గంటకి 170 కిలోమీటర్ల గాలికి రేకులేమయ్యాయో కళ్ళారా చూసినవాళ్ళం. గట్టిగా బిగిస్తే రేకుల నీడ మంచిదేనేమో, కాదనను. మరి కింద తుప్పుపట్టిన ఊచ మాటేమిటంటే ఆయన దగ్గర జవాబు లేదు.

నేనడిగేది గొంతెమ్మ కోరికేం కాదు. మేడ ఎక్కనివాడు రేటు చెప్పకూడదు. ఎక్కి, తూములు పూడాయా, పిట్టగోడా శ్లాబూ కలిసేచోట విడిందా, నీళ్ళట్యాంకు కింద ఎలా ఉందో చూడాలి. దిగివచ్చి, కప్పుని సుత్తితో తట్టాలి. కుండ తట్టి కొనుక్కోవడం మనకి రాదూ? అలాగే. డొల్ల మోగినంతమేరా తీసేయాలి, ఊచ తుప్పంతా గీకాలి, సన్నబడితే పక్కన కొత్తది కలపాలి. అసలు శ్లాబే తీసేయాలా అన్నది ఇంజనీరు చెప్పాలి గానీ, పని దొరికితే లాభపడేవాడు కాదు. పైన ఎనిమిదడుగులకి అంగుళమైనా వాలు ఉండాలి. అంతా అయి, బాగా తడిపి ఆరాక, తూములు మూసి నీళ్ళు నిలబెట్టి ఒక రోజంతా కింద కాపలా కాయాలి. ఆఖరి డబ్బు ఆ తర్వాతే. ఎన్ని చదరపు అడుగులు, ఏ సిమెంటు, మళ్ళీ కారితే ఎవరు పూచీ అన్నీ కాగితం మీద ఉండాలి.

"కాగితం అడిగితే మేస్త్రీ ఏమనుకుంటాడే?" అన్నారు మావారు. దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఉన్న ఊళ్ళో కాపురముంటూ లక్షరూపాయల పనికి కాగితం అడగడానికి మొహమాటం! వంకాయలు వంద గ్రాములు తగ్గాయని నన్ను మళ్ళీ బజారుకి పంపిన మనిషండీ ఈయన.

మనమూ తక్కువ తినలేదు లెండి. "మగవాళ్ళ వ్యవహారం" అంటూ లోపలికి పోతాం. ఏటా వడియాలు ఎండబెట్టేది మనం, కాళ్ళకింద పగులు చూడడానికి ఎవరి అనుమతి కావాలి? వడియాల కాలమే ఈ పనికి అదను. జూన్‌లో చినుకుపడ్డాక పిలిస్తే మేస్త్రీ దొరకడు, దొరికినా పూత ఆరదు. ఆ తర్వాత అక్టోబరు తుఫానులు ఉండనే ఉన్నాయి.

ఈ మార్చిలో కొత్తాయన వచ్చాడు. గేటు దగ్గరే, "బాబుగోరు లేరాండీ?"

"ఉన్నారు. సుత్తి వెతుకుతున్నారు. మీరు పైకి రండి," అని నేనే ముందు మెట్లెక్కాను.