చర్చలో లేని మూడో పక్షం

2020 జనవరి 28న ముంబై నుంచి లక్నో వెళ్తున్న ఇండిగో విమానంలో హాస్యకారుడు కునాల్ కామ్రా టీవీ వ్యాఖ్యాత అర్ణబ్ గోస్వామి సీటు దగ్గరకు వెళ్ళి ప్రశ్నలు కురిపించారు. గోస్వామి బదులు పలకలేదు. కామ్రా ఆ వీడియోను ప్రజల ముందు పెట్టారు. ఇండిగో ఆయనపై ఆరు నెలల నిషేధం విధించింది. ఎయిర్ ఇండియా సహా మరికొన్ని సంస్థలూ అదే దారి పట్టాయి. ఆ తరువాత సాగిన వాదన ఎక్కువగా విమానంలో మర్యాద చుట్టూ, నిషేధం న్యాయమా కాదా అన్న దాని చుట్టూ తిరిగింది. తానెందుకు ఆ పని చేశానో కామ్రా చెప్పిన కారణం మాత్రం పక్కకు పోయింది. ఆ కారణం తెలుగు నేలకు చెందినది. రోహిత్ వేముల తల్లి కులాన్ని టీవీ చర్చకు పెట్టారన్నదే ఆయన ఆరోపణ.

హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయ పరిశోధక విద్యార్థి రోహిత్ 2016 జనవరి 17న ప్రాణం తీసుకున్నాడు. అప్పుడు సమాజం అడగవలసిన ప్రశ్న ఒకటే. అయిదుగురు విద్యార్థులను హాస్టల్ నుంచి వెలివేసిన వ్యవస్థ ఎలా పనిచేసింది, ఎవరి ఒత్తిడితో పనిచేసింది? కొద్ది రోజుల్లోనే ఆ ప్రశ్న స్థానంలో మరొకటి వచ్చి కూర్చుంది. రోహిత్ దళితుడా, కాదా? బాధ్యత ఎవరిదని అడగవలసిన చోట బాధితుడు ఎవరని అడిగారు. కొడుకును పోగొట్టుకున్న తల్లి తన పుట్టుకకూ పెళ్ళికీ రుజువులు చూపుకోవలసి వచ్చింది. కులం గురించి టీవీ చర్చ ఎంతసేపైనా సాగుతుంది. అయితే కులం చేసే పని గురించి కాక, కుల ధ్రువపత్రం గురించి సాగుతుంది. 2024 మేలో తెలంగాణ పోలీసుల ముగింపు నివేదిక కూడా ఆ ధ్రువపత్రం దగ్గరే ఆగింది. నిరసనల తరువాత పోలీసు ఉన్నతాధికారులే తిరిగి దర్యాప్తు చేస్తామని ప్రకటించారు.

కామ్రా పద్ధతిని సమర్థించనక్కర లేదు. విమానంలో కూర్చున్న మనిషి లేచి బయటకు పోలేడు. ఆ చానల్ విలేకరులు బహిరంగ స్థలాల్లో మనుషులను వెంటాడే తీరునే తాను అనుకరించానని ఆయనే చెప్పుకున్నారు. రాజసభలో వికటకవికి ఒక వెసులుబాటు ఉండేది. మంత్రులు అనలేని మాట అతడు నవ్వుతూ అనగలిగేవాడు. ఆ మాటను సభ పట్టించుకుందా లేదా అన్నదే అసలు పరీక్ష.

ఒకసారి అమెరికాలో పట్టించుకున్నారు. 2004 అక్టోబరు 15న హాస్యకారుడు జాన్ స్టీవర్ట్ సీఎన్ఎన్ వారి ‘క్రాస్‌ఫైర్’ కార్యక్రమానికి అతిథిగా వెళ్ళారు. ఒక వ్యాఖ్యాత కుడి పక్షం, మరొకరు ఎడమ పక్షం వహించి వాదులాడుకోవడమే ఆ కార్యక్రమం నమూనా. మీరు చేస్తున్నది చర్చ కాదు, నాటకం. దీనివల్ల దేశానికి కీడు జరుగుతోంది, ఆపండి అని స్టీవర్ట్ వారి ముఖం మీదే చెప్పారు. 2005 జనవరిలో సీఎన్ఎన్ ఆ కార్యక్రమాన్ని నిలిపివేయనున్నట్లు ప్రకటించింది. స్టీవర్ట్ మాటలతో తాను ఏకీభవిస్తున్నానని ఆ సంస్థ అధిపతి బహిరంగంగానే అన్నారు. కానీ ఆ నమూనా అక్కడితో చావలేదు. మన తెలుగు చానళ్ళలో ప్రతి సాయంత్రం అదే నడుస్తోంది. అధికార పక్షం నుంచి ఒకరు, ప్రతిపక్షం నుంచి ఒకరు, మధ్యలో ‘విశ్లేషకులు’.

ఇద్దరు ప్రతినిధులూ నిజాయితీగా వాదించడం లేదన్నది స్టీవర్ట్ ఫిర్యాదు. అల్లూరి సీతారామరాజు జిల్లా పెదబయలు మండలం నుంచి చూస్తే ఇంకా మౌలికమైన లోపం కనిపిస్తుంది. వారిద్దరూ ఎంత నిజాయితీగా వాదించినా, ఇద్దరికీ ఒకే మాట అయిన విషయం మీద చర్చ పుట్టదు. రోహిత్ విషయంలో గుర్తింపు చుట్టూ అతి చర్చ జరిగింది. మన్యం విషయంలో గుర్తింపు చుట్టూ నిర్ణయం జరిగినా, వాదించుకోవడానికి రెండు పార్టీల మధ్య తేడాయే లేకపోయింది.

రాయలసీమ బోయ, వాల్మీకులను షెడ్యూల్డు తెగల జాబితాలో చేర్చాలన్న ప్రతిపాదన దీనికి సాక్ష్యం. 2017 డిసెంబరులో తెలుగుదేశం ప్రభుత్వ హయాంలో శాసనసభ ఆ మేరకు తీర్మానం చేసింది. 2023 మార్చి 24న వైఎస్సార్ కాంగ్రెస్ హయాంలో మళ్ళీ తీర్మానం చేసింది. మన్యంలో నిరసనలు చెలరేగాయి. పెదబయలు ఎస్టీలకు కేటాయించిన అరకు శాసనసభ నియోజకవర్గంలో ఉంది. అక్కడి ప్రజలకు శాసనసభ్యుడున్నాడు, పార్లమెంటు సభ్యుడున్నాడు. కానీ ఆ ఇద్దరినీ నిలబెట్టేది పార్టీలే. పార్టీ గొంతు ఆదివాసీ గొంతుకు భిన్నంగా పలికినప్పుడు స్టూడియోలో మూడో కుర్చీ ఎవరిది?

ఇది రెండు వైపులా న్యాయమున్న తగవు. బోయలు ఇప్పుడు బీసీ-ఎ జాబితాలో ఉన్నారు. కరవు సీమలో వారి పేదరికం కట్టుకథ కాదు. మన్యంలోని వాల్మీకులు ఇప్పటికే ఎస్టీలు. ఒకే పేరున్న సమూహానికి కొండమీద ఒక హోదా, మైదానంలో మరొక హోదా ఎందుకన్న ప్రశ్నలో బలం ఉంది. అటు ఆదివాసుల భయంలోనూ అంతే బలం ఉంది. ఎస్టీల వాటా ఆరు శాతం. పెద్ద జనాభా వచ్చి చేరితే, ఆదివాసీ ఒరియానో కువి భాషో ఇంట మాట్లాడి తెలుగు మాధ్యమంలో పరీక్ష రాసే కొండ పిల్లవాడికి ఏం మిగులుతుంది?

నిజమైన చర్చ అయితే ఇక్కడ మొదలవాలి. 342వ అధికరణం ప్రకారం ఈ జాబితాను మార్చే అధికారం పార్లమెంటుది. శాసనసభ తీర్మానం సిఫార్సు మాత్రమే. 1965లో లోకూర్ కమిటీ చెప్పిన ప్రత్యేక సంస్కృతి, భౌగోళిక ఏకాంతం, వెనుకబాటు వంటి ప్రమాణాలు నేటికీ సరిపోతాయా? చేర్చితే వాటా పెంచుతారా? బోయల వెనుకబాటుకు వేరే పరిష్కారం ఉందా? ఈ ప్రశ్నల్లో ఏదీ ‘మీ హయాంలో, మా హయాంలో’ అనే కొలతకు లొంగదు.

మరో ఉదాహరణ జీవో 3. 2000 జనవరిలో వచ్చిన ఆ ఉత్తర్వు షెడ్యూల్డు ప్రాంతాల బడుల్లో ఉపాధ్యాయ ఉద్యోగాలన్నీ స్థానిక ఎస్టీలకే ఇచ్చింది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం దానిని కొట్టివేసింది. పెదబయలు వంటి చోట డిగ్రీ, బీఈడీ చదివిన యువతకు అది జీవిత సమస్య. పిల్లల భాష తెలిసిన పంతులు బడిలో ఉంటాడా లేడా అన్న సమస్య కూడా. నూరు శాతం చెల్లదంటే స్థానిక భాష వచ్చినవారికి ప్రాధాన్యం ఇచ్చే మరో చట్టబద్ధ మార్గమేమిటి? దీనికి జవాబు చెప్పగలిగేది పార్టీ ప్రతినిధి కంటే ఆ బడిలో పనిచేసిన ఆదివాసీ ఉపాధ్యాయుడే.

వ్యాఖ్యాత గొంతు తగ్గినంత మాత్రాన చర్చ బాగుపడదు. తగువులో ఉన్నవారే పక్షాలుగా కూర్చోవాలి. బోయల నుంచి ఒకరు, భగతల నుంచో కొండదొరల నుంచో ఒకరు ఎదురెదురుగా కూర్చుంటే, ఆ చర్చ వేడిగానే ఉన్నా అందులో విషయం ఉంటుంది. సాయంత్రం చర్చ చూసే విద్యార్థులు ఎవరు గెలిచారని లెక్కవేసే ముందు, ఈ నిర్ణయం ఎవరి బతుకును మారుస్తుందో, వారిలో ఎవరైనా ఆ తెరమీద ఉన్నారో లేదో చూడాలి. లేకపోతే అక్కడ జరుగుతున్నది వారి గురించిన మాటలే తప్ప వారితో చర్చ కాదు.